ఆ మూడు గుర్తులు జాతకమా?



"మీ పిల్లవాడిలో ఈ మూడు అలవాట్లు ఉన్నాయా? అయితే జాగ్రత్త, రేపు సీరియల్ కిల్లర్ కావచ్చు" అని మొదలయ్యే వీడియోలు మన సెల్‌ఫోన్లలోకి తరచుగా వస్తున్నాయి. ఆ మూడు ఏమిటంటే, ఐదేళ్లు దాటినా నిద్రలో పక్క తడపడం, నిప్పు పెట్టి సంతోషపడటం, కుక్కల్నీ పిల్లుల్నీ హింసించడం. చూసినవాళ్లు భయపడతారు, భయపడి ఇంకో పదిమందికి పంపుతారు. పోయిన నెల ఆదివారం వందన అయిపోయాక ఒక చెల్లె నన్ను పక్కకు పిలిచి, ఫోను చూపించి అడిగింది. "అన్నా, మావోనికి ఎనిమిదేండ్లు. ఇంకా రాత్రి పక్క తడుపుతడు. వాడు గిట్ల అయితడా?"

కాడమ్మా అని అక్కడే చెప్పాను. కానీ ఆ ఒక్క మాటతో ఆమె భయం పోలేదు. ఎందుకు పోతుంది? డాక్టర్లు చెప్పారనీ, అమెరికాలో పరిశోధన జరిగిందనీ ఆ వీడియోలో ఉంది. కాబట్టి ఆ పరిశోధన ఏమిటో, అందులో నిజమెంతో మనమే తెలుసుకోవాలి. పెద్దలు చెప్పారని, గ్రంథంలో ఉందని, పదిమందీ అంటున్నారని ఏదీ ఒప్పుకోవద్దని కాలాములకు బుద్ధుడు బోధించినప్పుడు సెల్‌ఫోన్లు లేవు. కానీ ఆ బోధ వాటికీ వర్తిస్తుంది.

ఆ మూడు ఎక్కడి నుంచి వచ్చాయి?

1963లో అమెరికాలోని డెన్వర్ నగరంలో జాన్ మెక్‌డొనాల్డ్ అనే మానసిక వైద్యుడు ఒక వ్యాసం ప్రచురించాడు. ఎవరినో "చంపుతాను" అని బెదిరించి ఆసుపత్రికి చేరిన 100 మంది రోగులను ఆయన పరిశీలించాడు. జాగ్రత్తగా గమనించండి, వాళ్లు బెదిరించినవాళ్లు, వరుసగా హత్యలు చేసినవాళ్లు కాదు. వాళ్లలో మరీ క్రూర స్వభావం ఉన్నవాళ్ల చిన్నతనంలో ఈ మూడు అలవాట్లు తరచుగా కనిపించాయని రాశాడు. అంతే. ఆ తర్వాత ఆయనే ఇంకాస్త లోతుగా చూసినప్పుడు ఆ మూడింటికీ హత్యకూ గట్టి సంబంధం దొరకలేదు. కానీ అప్పటికే ఆలస్యమైపోయింది. 'మెక్‌డొనాల్డ్ త్రయం' అనే పేరుతో ఆ మాట పోలీసు శిక్షణలోకి, పాఠ్యపుస్తకాల్లోకి, సినిమాల్లోకి వెళ్లిపోయింది. అరవై ఏళ్లు తిరిగి తిరిగి ఇప్పుడు మన చెల్లె ఫోనులోకి వచ్చింది.

ముందు పక్క తడపడం సంగతి తేల్చేద్దాం. ఐదేళ్ల పిల్లల్లో నూటికి సుమారు 15 మంది పక్క తడుపుతారు. వయసు పెరిగే కొద్దీ ఏటేటా అది తగ్గిపోతుంది. చాలా ఇళ్లల్లో ఇది వంశంలో ఉంటుంది. అడిగితే తండ్రికో మేనమామకో చిన్నప్పుడు ఉండే ఉంటుంది, సిగ్గుపడి చెప్పరు అంతే. ఇది వ్యాధి కూడా కాదు, నిద్రలో మెదడుకు కబురు అందడం ఆలస్యం కావడం. అయితే ఒకటి గుర్తుంచుకోండి. ఏడాది రెండేళ్లు మానేసిన పిల్లవాడు ఉన్నట్టుండి మళ్లీ మొదలుపెడితే ఊరుకోకండి. మొదట డాక్టరుకు చూపించండి. దానితో పాటు, ఇంట్లో గొడవలేమైనా జరుగుతున్నాయా, బడిలో ఎవరైనా కొడుతున్నారా, ఎవరైనా వాడి ఒంటి మీద చెయ్యి వేస్తున్నారా అని కూడా చూడండి.

కొన్ని ఇళ్లల్లో పక్క తడిపిన పిల్లలకు గరిటె కాల్చి వాత పెడతారు. తడిసిన బొంతను వీధిలో అందరికీ కనపడేలా ఆరేసి, వాణ్ణి పక్కన నిలబెట్టి నవ్వుతారు. అపాయం ఎక్కడుందో ఇప్పుడు చూడండి. తడిసిన బొంతలో లేదు.

జంతువుల సంగతి వేరు. తూనీగ తోకకు దారం కట్టి ఎగరేయని, తొండ మీదికి రాయి విసరని పిల్లలు మన పల్లెల్లో తక్కువ. అది తెలియనితనం. ఆ ప్రాణికీ నొప్పి ఉంటుందని మొదటి శీలాన్ని పక్కన కూర్చుని చెబితే చాలామంది మానేస్తారు. కానీ ఒక పిల్లవాడు పదేపదే, ఎవరూ చూడని చోటికి తీసుకెళ్లి, ఆ ప్రాణి విలవిల్లాడటం చూసి ఆనందపడుతుంటే, అడిగినా వాడికి బాధ కలగకపోతే, దాన్ని తేలిగ్గా తీసుకోకూడదు. రేపు హంతకుడవుతాడని కాదు. అలాంటి పిల్లవాడు చాలాసార్లు తాను పడుతున్న హింసను తనకంటే బలహీనమైన దాని మీదికి దించుకుంటూ ఉంటాడు. వాడి మీద ఇంకెవరో చెయ్యి చేసుకుంటున్నారేమో అని అనుమానించడానికి అది కారణం.

హంతకుల చిన్నతనంలో ఏముంది?

అలాగని బాల్యానికీ ఈ నేరాలకూ సంబంధమే లేదని నేను అనడం లేదు. ఉంది. దాన్ని సరిగ్గా అర్థం చేసుకోవాలి.

1970ల చివర్లో అమెరికా కేంద్ర దర్యాప్తు సంస్థ ఎఫ్‌బీఐలో పనిచేసే రాబర్ట్ రెస్లర్, జాన్ డగ్లస్ జైళ్లకు వెళ్లి హంతకులతో మాట్లాడటం మొదలుపెట్టారు. ఆన్ బర్జెస్ అనే నర్సింగ్ ప్రొఫెసర్ ఆ మాటల్ని పద్ధతిగా అధ్యయనం చేసే మార్గం చూపించింది. లైంగిక హత్యలు చేసిన 36 మంది మగవాళ్ల కథలు పోగుచేసి 1988లో పుస్తకం తెచ్చారు. దాదాపు 70 శాతం కుటుంబాల్లో తాగుడు ఉంది. సగం కుటుంబాల్లో ఎవరో ఒకరికి నేర చరిత్ర ఉంది. చాలామందికి తండ్రి మధ్యలోనే ఇల్లు వదిలి వెళ్లిపోయాడు, ఉన్నా లేనట్టే ఉన్నాడు. పరిశోధకులు అన్నిటికంటే ఎక్కువగా పట్టించుకున్నది ఆ పిల్లల ఒంటరితనాన్ని, పగటి కలల్ని. దెబ్బతిన్న పిల్లవాడు తన మనసులో ఒక కథ అల్లుకుంటాడు. ఆ కథలో వాడే బలవంతుడు, మిగిలినవాళ్లందరూ వాడి చేతిలో బొమ్మలు. ఆ కథ ఎవరికీ చెప్పడు, చెప్పడానికి ఎవరూ ఉండరు. ఏళ్ల తరబడి అందులోనే బతికి, ఒకనాడు దాన్ని బయట చేసి చూస్తాడు. లక్షణాల జాబితాల్లో ఈ సంగతి ఎప్పుడూ రాదు, నాకు మాత్రం ఇదే అసలు సంగతి అనిపిస్తుంది.

2005లో హీథర్ మిచెల్, మైకేల్ ఆమోట్ అనే ఇద్దరు పరిశోధకులు ఇలాంటి 50 మంది హంతకుల బాల్యాన్ని మామూలు జనాభాతో పోల్చారు. హంతకుల్లో 36 శాతం మంది చిన్నప్పుడు ఒంటి మీద దెబ్బలు తిన్నారు. 26 శాతం మంది లైంగిక హింసకు గురయ్యారు. మానసిక హింసకు, అంటే తిట్లు, అవమానాలు, బెదిరింపులకు గురైనవాళ్లు 50 శాతం. ఈ మూడూ మామూలు జనంలో కంటే చాలా ఎక్కువ. ఆలనాపాలనా లేకపోవడం మాత్రం రెండు చోట్లా దాదాపు ఒకటే.

దెబ్బల కంటే అవమానం అంకె పెద్దది. దీని మీద ఒక్క నిమిషం ఆగండి. మనం చాలామందిమి "నేను నా పిల్లల మీద చెయ్యి వెయ్యను" అని చెప్పుకుంటాం. నోరు వేస్తాం కదా! "ఎందుకు పుట్టావురా", "నిన్ను కన్నప్పుడే గొంతు నులిమేస్తే పోయేది" అని అలవాటుగా అనేస్తాం. అవమానం మనిషిని ఏం చేస్తుందో మనకు ఎవరూ పుస్తకం చదివి చెప్పనక్కర్లేదు. తరతరాలుగా మన ఒంటి మీద అనుభవించాం. అదే పనిని మన గుమ్మం లోపల మన పిల్లల మీద చేస్తే దానికి వేరే పేరు లేదు.

ఇక ఒక మనిషి కథ చూద్దాం. ఎడ్మండ్ కెంపర్ 1948లో కాలిఫోర్నియాలో పుట్టాడు. తొమ్మిదేళ్లు వచ్చేసరికి తల్లిదండ్రులు విడిపోయారు. తల్లి ముగ్గురు పిల్లల్ని తీసుకుని వేరే రాష్ట్రం వెళ్లింది. వాడు వయసుకు మించిన పొడుగు. తల్లి ఎప్పుడూ చులకన చేసి మాట్లాడేది. అక్కనూ చెల్లెల్నీ ఏమైనా చేస్తాడేమో అన్న భయంతో రాత్రిపూట ఇంటి కింద నేలమాళిగలో పడుకోబెట్టేది. పదేళ్ల వయసులో ఇంటి పిల్లిని బతికుండగానే పూడ్చిపెట్టాడు. పదమూడేళ్లకు ఇంకో పిల్లిని చంపాడు. బొమ్మల తలలు కోసేవాడు. తండ్రి దగ్గరికి పారిపోతే తండ్రి ఉంచుకోకుండా తాత నానమ్మల దగ్గరికి పంపాడు. 1964 ఆగస్టులో, 15 ఏళ్ల వయసులో, ఆ ఇద్దరినీ కాల్చి చంపాడు. ఐదేళ్లు అటాస్కడెరో మానసిక చికిత్సాలయంలో ఉంచి, 1969లో విడిచిపెట్టి, మళ్లీ ఎక్కడికి పంపారు? ఆ తల్లి దగ్గరికే. 1972, 73ల్లో ఆరుగురు విద్యార్థినులను, చివరికి తల్లినీ ఆమె స్నేహితురాలినీ చంపి, తానే పోలీసులకు ఫోన్ చేశాడు.

ఈ కథలో చిన్ననాటి విషయాలు చాలావరకు అతని నోటి నుంచి వచ్చినవే. హంతకుడు తన బాల్యం గురించి చెప్పే ప్రతి మాటా నిజమని నమ్మనక్కర్లేదు. హెన్రీ లీ లూకస్ అనే మరో హంతకుడు చెయ్యని హత్యలు కూడా వందల్లో ఒప్పుకుని పోలీసుల్నే బోల్తా కొట్టించాడు. అయినా రెండు సంగతులు మాత్రం గట్టివి. మొదటిది, కెంపర్‌లో గుర్తులు ఎవరికీ కనపడక కాదు, అందరికీ కనపడ్డాయి. కనపడినప్పుడు పెద్దలకు తోచిన మందు తలుపు గడియ ఒక్కటే. రెండోది, అదే ఇంట్లో, అదే తల్లి దగ్గర అతని అక్కా చెల్లెలూ పెరిగారు. వాళ్లు ఎవరినీ చంపలేదు.

అందరి కథా ఇలాగే ఉండదు. 17 మంది మగవాళ్లనూ మగపిల్లలనూ చంపిన జెఫ్రీ డామర్‌ను చిన్నప్పుడు కొట్టి హింసించినవాళ్లెవరూ కనపడరు. తండ్రి చదువుకున్న రసాయన శాస్త్రవేత్త. ఇంట్లో తల్లిదండ్రుల గొడవలు ఉండేవి. పిల్లవాడు చచ్చిన జంతువుల ఎముకలు పోగేసేవాడు. 14 ఏళ్లకే బడికి మద్యం తెచ్చుకుని తాగేవాడు. తోటి పిల్లలకు తెలుసు, పట్టించుకున్న పెద్దలు లేరు. 1978లో ఇల్లు విడిపోయి, 18 ఏళ్లవాడు ఒంటరిగా మిగిలిన రోజుల్లోనే మొదటి హత్య జరిగింది. తండ్రి తర్వాత ఒక పుస్తకం రాసి, ఎక్కడ తప్పిపోయాడో వెతుక్కున్నాడు.

ఇక్కడ బాల్యానికి సంబంధం లేని ఒక మాట చెప్పకుండా ఉండలేను. డామర్ చంపినవాళ్లలో ఎక్కువమంది నల్లజాతివాళ్లు, పేదలు. 1991 మేలో ఆసియా నుంచి వలస వచ్చిన కుటుంబానికి చెందిన 14 ఏళ్ల పిల్లవాడు స్పృహ సరిగా లేకుండా వీధిలోకి తప్పించుకు వచ్చాడు. నల్లజాతి ఆడవాళ్లు పోలీసుల్ని పిలిచారు. పోలీసులు ఆ ఆడవాళ్ల మాట వినలేదు, నెమ్మదిగా మాట్లాడిన తెల్లవాడి మాట విని పిల్లవాణ్ణి అతనికే అప్పగించి వెళ్లారు. ఆ రాత్రే పిల్లవాడు చనిపోయాడు. హంతకుడు ఒక్కడే ఇన్నేళ్లు దొరక్కుండా ఉండలేడు. ఎవరి ప్రాణానికి విలువ లేదో సమాజం ముందే తేల్చి పెట్టి ఉంచాలి. మన వాడల ఆడపిల్లలు కనపడకపోతే స్టేషన్లో ఏం జవాబు వస్తుందో మీకు తెలుసు.

మన దేశంలో చూస్తే, పక్కనే మహారాష్ట్రలో కొల్హాపూర్ కేసు ఉంది. రేణుకా షిండే, సీమా గావిత్ అక్కచెల్లెళ్లు. తల్లి అంజనాబాయితో కలిసి 1990 నుంచి 1996 వరకు చిన్నపిల్లల్ని ఎత్తుకెళ్లి, దొంగతనాలు చేసేటప్పుడు జనం దృష్టి మళ్లించడానికి వాడుకుని, అడ్డమనుకున్నవాళ్లను చంపారు. తల్లి విచారణకు ముందే చనిపోయింది. వీళ్ల ఉరిశిక్షను 2022లో బొంబాయి హైకోర్టు యావజ్జీవంగా మార్చింది. ఇక్కడ కన్నతల్లే నేరానికి బడి. బిడ్డలు ఆమె వెంట నడిచి నేర్చుకున్నారు.

దెబ్బ తిన్న ప్రతి బిడ్డా అలా అవుతాడా?

2007లో కేంద్ర స్త్రీ శిశు అభివృద్ధి శాఖ 13 రాష్ట్రాల్లో 12,447 మంది పిల్లలతో మాట్లాడి ఒక నివేదిక ఇచ్చింది. అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ కూడా అందులో ఉంది. ప్రతి ముగ్గురు పిల్లల్లో ఇద్దరు దెబ్బలు తింటున్నారు. సగానికి పైగా పిల్లలు ఏదో ఒక రూపంలో లైంగిక వేధింపు ఎదుర్కొన్నారు. ప్రతి ఇద్దరిలో ఒకరు మానసిక హింస అనుభవిస్తున్నారు. దెబ్బలే హంతకుల్ని తయారుచేసేవైతే ఈ దేశంలో ఎన్ని కోట్ల మంది హంతకులుండాలి? లేరు. కాబట్టి హంతకుల్లో చాలామంది చిన్నప్పుడు హింస అనుభవించారు అన్నది ఒక మాట. హింస అనుభవించిన పిల్లలు హంతకులవుతారు అన్నది పూర్తిగా వేరే మాట. మొదటిది నిజం, రెండోది అబద్ధం. ఆ వీడియోలు రెండింటినీ కలిపేస్తాయి.

మరి పుట్టుకలోనే ఏదో ఉందా? మెదడులో, రక్తంలో? కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి చెందిన జేమ్స్ ఫాలన్ అనే శాస్త్రవేత్త హంతకుల మెదడు స్కాన్లు పరిశీలిస్తూ, పోల్చడానికి తన కుటుంబ సభ్యుల స్కాన్లు కూడా పెట్టుకున్నాడు. వాటిలో ఒకటి అచ్చం హంతకుల మెదడులా కనిపించింది. ఎవరిదా అని చూస్తే అది తనదే! ఆయన భార్యాబిడ్డలతో బతికిన ప్రొఫెసరు, ఎవరినీ చంపలేదు. తనను పెంచినవాళ్ల ప్రేమే అందుకు కారణమని ఆయన చెప్పుకున్నాడు. అంటే పుట్టుక ఒక కారణం కావచ్చు, ఇల్లు ఒక కారణం, బడి, వాడ, తాగుడు, ఒంటరితనం ఒక్కొక్కటీ ఒక్కొక్క కారణం. ఇవన్నీ ఎక్కడో ఒకచోట కలవాలి. ఏదీ ఒంటరిగా ఏ ఫలితాన్నీ ఇవ్వదు. ఒక్క కారణం తీసేసినా ఫలితం మారవచ్చు. ప్రతీత్య సముత్పాదం అని మనం పాఠాల్లో చదువుకున్నది ఇదే, కష్టమైన పేరు చూసి భయపడకండి.

ఈ "పుట్టు నేరస్థుడు" అన్న మాటతో మనం చాలా జాగ్రత్తగా ఉండాలి. 1876లో ఇటలీలో లాంబ్రోసో అనే వైద్యుడు పుర్రెలు, దవడలు, చెవులు కొలిచి, నేరస్థులు పుట్టుకతోనే నేరస్థులని పుస్తకం రాశాడు. అంతకు ఐదేళ్ల ముందే, 1871లో, బ్రిటిష్ ప్రభుత్వం మన దేశంలో నేరస్థ తెగల చట్టం తెచ్చింది. కొలతలు కూడా అక్కర్లేదు, ఫలానా కులంలో పుడితే చాలు. తర్వాతి సవరణలతో పిల్లల్ని తల్లిదండ్రుల నుంచి విడదీసే అధికారం కూడా వచ్చింది. 1911 నుంచి ఆ చట్టం మద్రాసు రాష్ట్రంలోనూ అమలైంది. బాపట్ల దగ్గర స్టువర్టుపురం అలా పుట్టిందే. ఎరుకల కుటుంబాల్ని తెచ్చి సాల్వేషన్ ఆర్మీ పర్యవేక్షణలో పెట్టారు. 1952లో చట్టం పోయింది. కానీ ఆ ఊరి పేరు చెబితే ఇప్పటికీ కొందరు జేబు తడుముకుంటారు. సినిమాలు కూడా ఆ పేరు మీదే డబ్బు చేసుకున్నాయి. ఆ ఊళ్లో పుట్టిన బిడ్డ బడికి వెళితే, పలక పోయిన రోజున అందరూ ఎవరి వైపు చూస్తారు? పుట్టుకతో ఎవరూ నీచుడు కాడని, చేసే పనుల వల్లే అవుతాడని బుద్ధుడు ఒక బ్రాహ్మణుడి ముఖం మీదే చెప్పాడు. పుట్టుకతో ఎవడూ హంతకుడు కాడు అన్నది కూడా ఆ మాటలోనే ఉంది.

అంగుళిమాలుడు

మన దగ్గర వరుస హంతకుడి కథ ఒకటి రెండున్నర వేల ఏళ్లుగా ఉంది. కోసల రాజ్యంలో మనుషుల్ని చంపి వేళ్లు దండ కట్టుకున్న అంగుళిమాలుడు. మజ్ఝిమ నికాయంలోని సుత్తం అతని చిన్నతనం గురించి ఏమీ చెప్పదు. తర్వాత వచ్చిన అట్టకథల్లో ఆ కథ ఉంది. అతను ప్రసేనజిత్తు రాజు పురోహితుడి కొడుకు. పుట్టిన రాత్రి నగరంలో ఆయుధాలు మెరిశాయట. తండ్రి నక్షత్రాలు లెక్కపెట్టి, దొంగ అవుతాడని తేల్చాడట. ఆ దోషం పోవాలని అహింసకుడు అని పేరు పెట్టారు. తక్షశిలకు చదువుకు పంపారు. అందరికంటే బాగా చదివాడు, గురువు చెప్పిన మాట జవదాటలేదు. ఓర్వలేని తోటి విద్యార్థులు గురువుకు చాడీలు చెప్పారు. గురువు నమ్మి, శిష్యుణ్ణి వదిలించుకోవడానికి గురుదక్షిణగా వెయ్యి వేళ్లు అడిగాడు. (గురుదక్షిణగా వేలు అడిగిన గురువు మనకు ఇంకొకడు కూడా బాగా తెలుసు.)

నక్షత్రాల మాట పక్కన పెట్టండి. అది ఆనాటి పురాణ వాసన. మిగిలింది చూడండి. పుట్టగానే నేరస్థుడన్న ముద్ర, చదువులో అసూయ, గురువు ద్రోహం, ఎదురు ప్రశ్నించడం నేర్పని విధేయత. నన్ను అడిగితే ఇందులో అన్నిటికంటే భయంకరమైనది విధేయత. చంపమని చెప్పినా 'ఎందుకు' అని అడగలేని పిల్లవాణ్ణి మంచి శిష్యుడు అన్నారు. మన ఇళ్లల్లో కూడా నోరెత్తని పిల్లవాణ్ణే మంచి పిల్లవాడంటాం.

బాబాసాహెబ్ 'బుద్ధుడు – ఆయన ధమ్మం' గ్రంథంలో నేరస్థుల మార్పు గురించి చెప్పేటప్పుడు ఈ అంగుళిమాలుణ్ణి పరిచయం చేశారు. గత జన్మ కర్మ అనే సిద్ధాంతాన్ని బాబాసాహెబ్ ఒప్పుకోలేదని మీకు తెలుసు. అది చాలా అవసరమైన మాట. ఎందుకంటే 'వాడి గత జన్మ కర్మ' అన్నా, 'వాడి రక్తంలోనే ఉంది' అన్నా, 'ఆ మూడు లక్షణాలున్నాయి, ఇంక అంతే' అన్నా, మూడూ ఒకటే చెబుతున్నాయి. మనం చెయ్యగలిగింది ఏమీ లేదని.

అందరూ వద్దన్నా బుద్ధుడు ఆ దారిన ఒంటరిగా నడిచి వెళ్లాడు. మారిన తర్వాత కూడా అంగుళిమాలుడు భిక్షకు వెళితే జనం రాళ్లు వేశారు, తల పగిలి రక్తం కారుతూ తిరిగి వచ్చాడు. బుద్ధుడు జనాన్ని తిట్టలేదు. చేసినదాని ఫలితం ఓర్చుకోమని అతనికే చెప్పాడు. చచ్చినవాళ్ల కుటుంబాల దుఃఖం చిన్నది కాదు. హంతకుడి బాల్యం మీద జాలి పడటం వేరు, హత్యను మాఫీ చెయ్యడం వేరు. కెంపర్ మీద మనం ఎంత కన్నీరు కార్చినా ఆ ఆరుగురు అమ్మాయిలు తిరిగి రారు. మన కరుణ పనికొచ్చేది ఇంకా పదేళ్లు నిండని పిల్లల విషయంలో.

ఒక్క మనిషి చాలు

సతారా బడిలో గోనెపట్టా మీద వేరుగా కూర్చున్న పిల్లవాడు, దాహమేస్తే ఎవరో ఎత్తి పోస్తే తప్ప నీళ్లు తాగలేని పిల్లవాడు, ఐదారేళ్లకే తల్లిని పోగొట్టుకున్న పిల్లవాడు. అవమానం మనిషిని హంతకుణ్ణే చేస్తుందంటే ఆ పిల్లవాడు ఏం కావాలి? ఆయన ఏమయ్యారో మనందరికీ తెలుసు. కానీ ఆయన గొప్పవారు కాబట్టి తట్టుకున్నారు అని దండ వేసి వదిలేయకండి. ఆ పిల్లవాడి చుట్టూ ఎవరున్నారో చూడండి. ఎత్తుకుని పెంచిన మేనత్త మీరాబాయి. అప్పు చేసైనా పుస్తకాలు కొనిచ్చిన తండ్రి రాంజీ. మెట్రిక్ పాసైనప్పుడు తాను రాసిన బుద్ధుడి జీవిత చరిత్రను చేతిలో పెట్టిన కేలుస్కర్ గురువు.

ఎమీ వెర్నర్ అనే శాస్త్రవేత్త హవాయిలోని కవాయి దీవిలో 1955లో పుట్టిన 698 మంది పిల్లల్ని దశాబ్దాల పాటు గమనించింది. వాళ్లలో పేదరికం, తాగుడు, తల్లిదండ్రుల గొడవలు, మానసిక జబ్బులు ఇన్ని కష్టాల మధ్య పెరిగినవాళ్లను విడిగా చూస్తే, మూడింట ఒక వంతు పిల్లలు చక్కగా ఎదిగారు. వాళ్ల జీవితంలో కనపడ్డ తేడాల్లో ముఖ్యమైనది ఏమిటంటే, వాళ్లను పట్టించుకున్న పెద్దమనిషి కనీసం ఒకరున్నారు. అమ్మానాన్నలే కానక్కర్లేదు. అమ్మమ్మ, టీచరు, పక్కింటి ఆమె ఎవరైనా సరే.

ఆ ఒక్క మనిషి పని ఎలా ఉంటుందో చెప్తాను. మీ వాడలో జంతువుల్ని పదేపదే హింసించే పిల్లవాడో, నిప్పు పెట్టే పిల్లవాడో, ఎవరితోనూ కలవకుండా ముడుచుకుపోయే అమ్మాయో కనపడితే, నలుగురిలో నిలదీయకండి. ఎవరూ లేనప్పుడు పక్కన కూర్చోండి. "ఎందుకు చేశావు" అని అడిగితే పిల్లలు చెప్పలేరు, వాళ్లకే తెలియదు. "నిన్న ఇంట్లో ఏం జరిగింది" అని అడగండి. మధ్యలో అందుకుని నీతి చెప్పకండి. ఇంట్లోనో బడిలోనో ఎవరైనా హింసిస్తున్నారని తెలిస్తే 1098 పిల్లల సహాయ నంబరు, ఎవరైనా చెయ్యవచ్చు, డబ్బులు పడవు. బడిలో కొట్టడం, అవమానించడం రెండూ 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ కింద నిషేధం. హెడ్మాస్టరుకు కాగితం మీద రాసి ఇవ్వండి, నోటి మాట నిలవదు. మానసిక వైద్య సలహాకు 14416 టెలి మానస్ నంబరు ఉంది, తెలుగులో మాట్లాడతారు.

జిల్లా ఆసుపత్రిలో మానసిక వైద్యుడి దగ్గరికి తీసుకెళ్లాల్సి వస్తే, "ఊరికే పోదాం పద" అని అబద్ధం చెప్పి తీసుకెళ్లకండి. అక్కడికి వెళ్లాక బోర్డు చదివి వాడు మనల్ని ఇక నమ్మడు. "నీకు లోపల ఏదో కష్టంగా ఉన్నట్టుంది, వినే డాక్టరు ఉన్నాడు, నేను బయటే కూర్చుంటా" అని చెప్పండి. మొదటి రోజు వాడు నోరు విప్పకపోవచ్చు. రెండోసారీ విప్పకపోవచ్చు. మూడోసారి కూడా తీసుకెళ్లండి.